తాయారు గారి పేరున మూడు మునకలు

విదేశంలో ఏదైనా మిషన్ ఆసుపత్రిలో కొన్నాళ్ళు సేవ చేయాలన్నది నా పాత కోరిక. విశాఖపట్నంలో ఇంగ్లీషు టీచరుగా రిటైరైన వారంలోనే పాస్‌పోర్టు రెన్యువల్ చేయించాను. ఆఫ్రికా అయినా సరే, నేపాల్ అయినా సరే అనుకుని, దేశదేశాల్లో కంటి శిబిరాలు పెట్టే ఒక విదేశీ మిషన్‌కి దరఖాస్తు పంపాను. నెల తర్వాత జవాబు వచ్చింది. మీలాంటివారు మాకు చాలా అవసరం, మా సర్జను నవంబరులో ఆంధ్రాలో నరసాపురం దగ్గర శిబిరానికి వస్తున్నారు, ఆవిడకి తెలుగు రాదు, దుబాసీగా వారం రోజులు ఉండగలరా అని అడిగారు. మా వారు అది చదివి, "నరసాపురానికి వీసా దొరుకుతుందో లేదో ముందు కనుక్కో" అన్నారు. రెండు రోజులు అలిగి, మూడో రోజు సంచి సర్దుకున్నాను. ఇలాంటి శిబిరాలకి వెళ్ళాలనుకునే స్నేహితులు కొందరు వివరాలు అడుగుతున్నారు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

విశాఖ నుంచి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే ఏదో ఒక రైలెక్కి రాజమండ్రిలో దిగిపోవడం మేలు. మూడున్నర, నాలుగు గంటల ప్రయాణం. అక్కడ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నరసాపురం బస్సులు ఉంటాయి, రెండున్నర గంటలు పడుతుంది. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే మన రాష్ట్రం ఆడవాళ్ళకి టికెట్ లేదు. మగవాళ్ళు నూట యాభై దగ్గర పెట్టుకుంటే చాలు. కుడివైపు కిటికీ దొరికితే వదలకండి. జొన్నాడ దగ్గర గౌతమిని, సిద్ధాంతం దగ్గర వశిష్ఠని దాటాక, పెనుగొండ, మార్టేరు మీదుగా దారి పొడుగునా వరి కోతలే. పాలకొల్లులో బస్సు ఆగినప్పుడు దిగి, దిబ్బరొట్టె చెరుకు పానకంతో తిన్నాను. కండక్టరు రెండుసార్లు పిలిచాడు గానీ రొట్టె వదిలి వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు.

నరసాపురం బస్టాండు నుంచి మిషన్ ఆసుపత్రికి ఆటోలో ఇరవై నిమిషాలు. ఆసుపత్రి ఉన్న ఊరి పేరు రాయడం లేదు, నేను చెప్పబోయే ఆవిడ పేరు కూడా మార్చాను. షేర్ ఆటో అయితే ముప్పై రూపాయలు. నా ఆటో అతను దారంతా కబుర్లే.

"దొరసాని డాక్టరు గారు వచ్చారంట కదండి. మా అత్తగారికి చూపించాలండి."

"తీసుకురండి, పరీక్ష ఉచితమే."

"నేనూ చూపించుకోవాలండి. చీకటి పడితే ఎదురొచ్చే లైట్లు చెదిరిపోయి కనిపిస్తున్నాయి. సొంత రోడ్డు కాబట్టి అలవాటు మీద పోనిస్తున్నానండి."

ముందు మీరు చూపించుకుని తర్వాత నన్ను ఎక్కించుకోవాల్సింది నాయనా అనుకుంటూ, పక్కనున్న కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

ఆసుపత్రి గోదావరి గట్టుని ఆనుకుని ఉంది. ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, వెనక తలుపు తీస్తే గట్టు, గట్టు దిగితే రేవు. బస, భోజనం వాళ్ళవే. గదిలో దోమతెర ఉంది, గీజరు లేదు. ఆసుపత్రి వ్యవహారమంతా నడిపేది హెడ్ నర్సు కరుణ సిస్టర్. ఆ ఊరి మనిషే, ఆదివారం చర్చి మానదు, మిగతా రోజుల్లో ఆసుపత్రి మానదు. సర్జను డాక్టర్ హన్నా నార్వే నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, మన ఎండకి ముఖం కందిపోయి ఉంది. మా ఇద్దరికీ తొలి పాఠం ఆదివారం పరీక్షలు మొదలైన గంటలోనే అందింది. ఆపరేషన్లు సోమవారం మొదలుపెడదామంది హన్నా. కార్తీక సోమవారం, ఉపవాసం అన్నారు జనం. పోనీ మంగళవారం అంటే, మంగళవారం కత్తి పెట్టించుకోకూడదు అన్నారు సగం మంది. నేను అనువదిస్తూ పోతుంటే హన్నా పెన్ను కింద పెట్టి, మీ వారానికి అసలు ఎన్ని రోజులు అని అడిగింది. బుధవారం మాత్రం క్షణాల్లో నిండిపోయింది.

ఆ వరుసలోనే తాయారు గారిని చూశాను. పూర్తి పేరు మంగతాయారు, డెబ్బైకి దగ్గర పడిన మనిషి. బల్ల మీద నిటారుగా కూర్చుని, ఒళ్ళో తెల్లదారం ఉండ పెట్టుకుని లేసు అల్లుతోంది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకి ఈ పని తరతరాలుగా ఉంది, ఒకప్పుడు మిషన్ వాళ్ళే నేర్పారంటారు. అల్లుతున్నప్పుడు ఆవిడ చేతుల వైపు చూడటం లేదు. కుడికన్ను పూర్తిగా తెల్లబడిపోయింది. ఎడమకంట్లో శుక్లం ముదిరి గోధుమరంగుకి తిరిగింది. ముఖం ముందు చెయ్యి ఊపితే ఏదో కదిలిందని తెలుస్తుంది, అంతే.

"చూడకుండా ఎలా అల్లుతున్నారండి?" అన్నాను.

"వేళ్ళకి అలవాటేనండి. కానీ పువ్వు ఎక్కడ తప్పిందో వేళ్ళు చెప్పలేవు కదా. మొన్న ఇచ్చిన టేబుల్ గుడ్డ వెనక్కి పంపేశారు. పదకొండో ఏట సూది పట్టానండి, నా పని వెనక్కి రావడం అదే మొదలు."

హన్నా చాలాసేపు పరీక్ష చేసింది. పొర బాగా గట్టిపడింది, ఉన్నది ఒక్క కన్ను, అందుకే చుట్టుపక్కల డాక్టర్లు ముట్టుకోకుండా పెద్ద ఊరికి పొమ్మన్నారు, ఆవిడ వెళ్ళలేదు. లోపల నరం బాగానే ఉన్నట్టుంది, చూపు వచ్చే అవకాశం ఉంది, నేను చేస్తాను అంది హన్నా. తర్వాత, ఆ కుడికన్ను ఎలా పోయిందో అడగమంది. నేను అడిగాను.

తాయారు గారు దారం వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి కార్తీక పౌర్ణమికి గోదారిలో మునిగేదాన్నండి. ఒక్క ఏడు జ్వరం వచ్చి మునగలేదు. ఆ మాఘంలో మా ఆయన పోయారు. ఆ తర్వాత ఈ కంటికి ఆపరేషన్ చేయించుకున్నాను. పది రోజులకి పౌర్ణమి వచ్చింది. తల తడపొద్దన్నారు. నేను ఆగలేకపోయానండి, మునిగాను. చీము పట్టి కన్ను పోయింది. మునగకపోతే మనిషి పోయాడు, మునిగితే కన్ను పోయింది. ఇంకేం చెప్పనండి."

దీన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. హన్నా ఆవిడ చెయ్యి పట్టుకుని, నాలుగు వారాల దాకా తలమీద నీళ్ళు పోసుకోనని మాట ఇస్తేనే బుధవారం ఆపరేషన్ చేస్తానంది. పౌర్ణమి శుక్రవారం.

"మాట ఇవ్వలేనండి" అంది తాయారు గారు.

అందరం చుట్టుముట్టాం. పక్క బల్ల మీది ఆవిడ, "సరేనని చెప్పేయి వదినా, తర్వాత సంగతి తర్వాత" అంది. తాయారు గారు ఒప్పుకోలేదు. నాకోసం సముద్రాలు దాటి వచ్చిన మనిషికి అబద్ధం చెప్పి కన్ను తెచ్చుకోను అంది. తల తడపకుండా మెడదాకా కంఠస్నానం చేసి రావచ్చు కదా అంది కరుణ సిస్టర్. "గోదారికి వెళ్ళి కంఠస్నానం చేసి రావడమూ, పెళ్ళికి వెళ్ళి గుమ్మంలో నించుని రావడమూ ఒకటే సిస్టరు గారూ" అని దారం ఉండ సంచిలో వేసుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది. చేతికి అందిన కన్నుని కాలదన్నుకునే మనిషిని ఏమనాలి అనిపించింది. మళ్ళీ ఆ సర్జను వచ్చేది ఏడాదికి. అప్పటిదాకా ఆ పొర ఇంకా ముదిరితే ఆపరేషన్‌కి కూడా లొంగదని హన్నా నాకు చెప్పింది.

సోమ, మంగళవారాలు మిగతా రోగులతో గడిచిపోయాయి. నా పని చుక్కల మందు ఎలా వేసుకోవాలో చెప్పడం, భయపడేవాళ్ళకి భయం లేదని చెప్పడం, నాకున్న భయం పైకి కనపడనీయకపోవడం. మంగళవారం మధ్యాహ్నం, పట్టింపు లేక ఆపరేషన్ చేయించుకున్న కొద్దిమంది కంచాల్లో పప్పు అలాగే మిగిలిపోయి వెనక్కి వస్తుంటే హన్నా కంగారుపడింది. వంట చేసే అప్పారావు గారిని అడిగాను.

"పథ్యమండి. పుండు మీద పప్పు తింటే చీము పడుతుందంటారు."

"మరి తెలిసి పప్పు ఎందుకు వండారండి?"

"డాక్టరు గారు బలమైన తిండి పెట్టమన్నారు కదండి. వండమన్నారు, వండాను. తినిపించమని ఎవరూ అనలేదు."

సాయంత్రానికి ఆయనే గుడ్లు ఉడకబెట్టి, తినని వాళ్ళకి చారు, పాత చింతకాయ పచ్చడి పెట్టాడు. పప్పు మీద నమ్మకం గురించి హన్నాకి వివరిస్తుంటే ఆవిడ నవ్వలేదు. కాసేపు ఆలోచించి తాయారు గారి ప్రస్తావన తెచ్చింది. మా చర్చిలో పసిపిల్లకి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు, ఆ బిడ్డకి మాటలు రావు కాబట్టి ఇంకొకరు నిలబడి ఆ మాటలు పలుకుతారు, మీ స్నానం కూడా ఒకరి బదులు ఇంకొకరు చేయకూడదా అని అడిగింది. ఆ పద్ధతులు నాకు తెలియవు. అడిగి చూద్దాం అని కరుణ సిస్టరూ నేనూ తాయారు గారి ఇంటికి వెళ్ళాం. నాలుగిళ్ళ అవతలే.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. నేను హన్నా ప్రశ్న ఉన్నదున్నట్టు చెప్పాను. తాయారు గారు ఒళ్ళోని దారం ఉండ పక్కన పెట్టింది.

"మునక వేస్తారండి, ఎందుకు వేయరు" అంది. "రాలేనివాళ్ళ పేరు చెప్పి వేస్తారు. బాలింతలకీ, మంచాన పడ్డవాళ్ళకీ నేనే ఎంతమందికి వేశానో. కానీ నా పేరున ఎవరు వేస్తారండి? నాకున్నది ఒక్కతే కూతురు. వాళ్ళ మామగారు పోయి ఏడాది సూతకంలో ఉన్నారు, అది గోదాట్లో దిగకూడదు. ఇరుగుపొరుగుని అడుగుదామంటే నాకు నోరు రాలేదు. ఇన్నాళ్ళూ వేసిపెట్టినదాన్నే గానీ వేయించుకున్నదాన్ని కాదు."

కరుణ సిస్టర్ నెమ్మదిగా అంది. "నేను వేస్తానంటే మీరు ఒప్పుకోరేమో గానీ, వేయడానికి నాకేం లేదు తాయారు గారూ."

"మీరంటే నాకు అభిమానం సిస్టరు గారూ. కానీ వేసేవాళ్ళు ముందు వాళ్ళ మునక వేసుకుని, ఆ తర్వాతే నాది వేయాలి. అది పద్ధతి."

ఇద్దరూ నా వైపు తిరిగారు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన నేను ఈ వయసు వరకు మోకాళ్ళ లోతు దాటి నీళ్ళలోకి దిగలేదు. చన్నీళ్ళంటే భయం, లోతంటే ఇంకా భయం. పైగా గురువారం కట్లు విప్పడంతో నా పని అయిపోతుందని ఆ సాయంత్రానికే రిజర్వేషన్ చేయించుకున్నాను. అయినా నేను వేస్తాను అన్న మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"మీకు నీళ్ళంటే భయం కదండి" అంది తాయారు గారు.

"మీకెలా తెలుసు?"

"గొంతు వింటే తెలియదేంటండి." అప్పుడు మొదటిసారి నవ్వింది. "రేవులో గొలుసు ఉంటుంది, పట్టుకుని మునగండి. డాక్టరు గారికి చెప్పండి, మాట ఇస్తున్నానని."

బుధవారం ఆవిడ ఆపరేషన్‌కి మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ సమయం పట్టింది. కన్ను ఒక్కటే మొద్దుబారేలా మందు ఇస్తారు, మనిషికి తెలివి ఉంటుంది. నేను పక్కన కూర్చుని, కదలకండి, కిందికి చూడండి అని హన్నా మాటలు చెబుతూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. గుడ్డ కింద ఆవిడ ఏదో గొణుగుతోంది. ఏమంటోంది అని హన్నా అడిగింది. శివనామం అన్నాను. అనుకోమను, గడ్డం మాత్రం కదపొద్దను అంది. మధ్యలో ఒకసారి హన్నా చేతులు ఆగాయి, తనతో వచ్చిన నర్సుతో వాళ్ళ భాషలో ఏదో అంది. అది నాకు అర్థం కాలేదు, ఎవరూ అనువదించలేదు. ఆ నిమిషంలో మా రోగులు నా నోటి వంక ఎందుకు అంతలా చూస్తారో తెలిసొచ్చింది.

గురువారం పొద్దున కట్లు విప్పారు. వరండాలో వరుసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికి విప్పుతూ వచ్చారు. ఆటో అతని అత్తగారు కట్టు తీయగానే అల్లుడిని చూసి, "చిక్కిపోయావేంటి బాబూ" అంది. అందరూ నవ్వారు. తాయారు గారి వంతు వచ్చింది. ఆవిడ కన్ను తెరిచి, ఇటూ అటూ చూసింది.

"మంచు పట్టినట్టుందండి. అంతా తెలుపు. మనుషులున్నారని తెలుస్తోంది, ఎవరో తెలియడం లేదు."

హన్నా లైటు వేసి చూసింది. గట్టి పొర తీసినప్పుడు నల్లగుడ్డు మీది అద్దం వాస్తుంది, తేటపడటానికి రోజులు పట్టొచ్చు, కొందరిలో పూర్తిగా తేటపడకపోవచ్చు కూడా అని చెప్పింది. ఆ చివరి ముక్క అనువదించాలా వద్దా అని నేను తటపటాయించాను. హన్నా నా వైపే చూస్తోంది. చెప్పాను. తాయారు గారు తల ఊపింది. గంటగంటకీ చుక్కలు వేయమని చెప్పి హన్నా లేచింది.

నేను టికెట్ రద్దు చేసుకుని, మా వారికి ఫోన్ చేసి ఇంకో రోజు ఉంటానన్నాను. వెనక్కి వస్తుంటే తాయారు గారు నా చీర కొంగు తడిమి పట్టుకుంది.

"టీచరు గారూ, రేపు మునక వేస్తారు కదండి?"

"వేస్తానండి."

"కన్ను రాకపోయినా వేయండి. బేరం కాదండి అది."

ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. మాట ఇచ్చింది ఆవిడ, మునగాల్సింది నేను, కన్ను రాకపోతే ఇదంతా దేనికి అని నాలో నేనే గొణుక్కున్నాను.

శుక్రవారం తెల్లవారుజామున రేవు నిండా ఆడవాళ్ళే. అరటి డొప్పల్లో దీపాలు వదులుతున్నారు, మెట్లన్నీ తడి. డాక్టరు అనుమతితో కరుణ సిస్టర్ తాయారు గారిని తీసుకొచ్చి, నీటి తుంపర పడకుండా పై మెట్టు మీద, నల్లకళ్ళద్దాలు పెట్టి కూర్చోబెట్టింది. హన్నా గట్టు మీదే నిలబడింది. నేను జుట్టు పైకి మడిచి క్లిప్పు పెట్టుకుని, గొలుసు పట్టుకుని దిగాను. నీళ్ళు ఎముకలకి తగిలాయి. పక్కన ఒకావిడ, "ఒక్కసారి మునిగితే చలి పోతుందండి" అంది. పోలేదు. నా మునకలు మూడూ కళ్ళు మూసుకుని ఎలాగో వేశాను. తర్వాత, సంకల్పం చెప్పే రేవు పురోహితుడు గోత్రం అడిగితే తాయారు గారు పైనుంచి కేకవేసి చెప్పింది. అప్పటికి అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు ఆకాశం ఎర్రబడి, సూర్యుడి అంచు కనిపించింది.

మంగతాయారు గారి పేరున అని పైకి అనుకుని మునిగాను. ఒకటి. మళ్ళీ మునిగాను. రెండు. మూడోది మునిగి పైకి వచ్చి, గొలుసు పట్టుకుని మెట్టెక్కబోతుంటే పైనుంచి మాట వినిపించింది.

"టీచరు గారూ, రెండోది లెక్కలోకి రాదండి."

"మూడూ వేశానండి" అన్నాను వణుకుతూ.

"రెండోదానికి మీ నెత్తి మీది ఎర్ర క్లిప్పు నీళ్ళ పైనే ఉందండి. మునగలేదు."

నా చెయ్యి జుట్టు మీదికి పోయింది. అవును, ఎర్రదే. తాయారు గారు నల్లకళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని నా వైపు చూస్తోంది. కరుణ సిస్టర్ అద్దాలు పైకి తోస్తూ కోప్పడుతోంది, కోప్పడుతూనే ఏడుస్తోంది. ఏమైంది, ఏమంటోంది అని హన్నా గట్టు మీంచి ఇంగ్లీషులో అరుస్తోంది. వారం రోజులుగా ప్రతి ముక్కా అనువదించిన నాకు ఆ ఒక్కటి చెప్పడానికి నోరు రాలేదు. క్లిప్పు తీసి ఒడ్డున పెట్టి, గొలుసు వదిలేసి, తల మొత్తం మునిగేదాకా మునిగాను. నీళ్ళలో ఉండగానే ఏడ్చేశాను.

"ఇప్పుడు సరిపోయిందండి" అంది తాయారు గారు.

ఆ సాయంత్రం హన్నా వెళ్ళేముందు మళ్ళీ పరీక్ష చేసింది. వాపు తగ్గుతోంది, ఇంకా తేటపడుతుంది అంది. తలస్నానం మాత్రం నాలుగు వారాల దాకా వద్దని మళ్ళీ చెప్పమంది, చెప్పాను, ఇచ్చిన మాట గుర్తుందండి అంది తాయారు గారు. విదేశం వెళ్ళలేదన్న బాధ నాకిప్పుడు లేదు. ఇంటికి రెండొందల యాభై కిలోమీటర్ల దూరంలో, నా సొంత భాషలో, నాకు తెలియని సంగతులు ఎన్ని ఉన్నాయో చూశాను. ఇలాంటి శిబిరాలకి వెళ్ళేవాళ్ళు ఏదో ఇవ్వడానికి వెళ్తున్నామనుకుంటారు, నేనూ అలాగే వెళ్ళాను. అక్కడ నా నుంచి నిజంగా కావలసి వచ్చింది నాకు బొత్తిగా చేతకాని పని, ఒక మునక. చివరిగా ఒక్క సలహా. కార్తీకంలో గోదావరి వైపు వెళ్తే ఎవరి పేరున మునగాల్సి వస్తుందో ముందుగా తెలియదు, కాబట్టి ఒక జత పొడిబట్టలు, మందపాటి తువ్వాలు అదనంగా పెట్టుకోండి. జుట్టుకి క్లిప్పు మాత్రం తీసేసి దిగండి, పైన చూసేవాళ్ళు ఉంటారు.